సమస్య: సిగ్నలు పడె, బండి శీఘ్ర మేగె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. హైదరాబాదు రోడ్డు మీద 'సిగ్నల్ పడింది' అంటే బ్రేకు వేయాలి. అదే మాట స్టేషన్లో వినబడితే జనం సంచులు ఎత్తుకుని లేస్తారు. చిక్కు అక్కడుంది, విప్పండి.

ఉప్పల్ నుంచి:
పంజగుట్ట కాడ పట్టపగటివేళ
కెమెర ఫొటొను దీసె గీత దాట
ఎర్ర దీపమనుచు నెవ్వరాగెదరయ్య
సిగ్నలు పడె, బండి శీఘ్ర మేగె

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. 'కాడ' ఎంత సహజంగా పడిందో! స్టాప్ లైన్ దాటగానే కెమెరా పట్టేయడం కళ్లకు కట్టింది. కానీ ఇక్కడ బండి తప్పు చేసి పోయింది, సమస్యలో విరోధం అలాగే మిగిలింది. బండి న్యాయంగా కదలాలండీ.

కాచిగూడ నుంచి:
రైలుకట్ట చెంత రాతిరి వేళలో
లీవరొకడు లాగె లేచి గదిని
వాలె నినుప చేయి వందనమిడినట్లు
సిగ్నలు పడె, బండి శీఘ్ర మేగె

ఉప్పల్ నుంచి: చెయ్యి పడితే ఆగాలేమో కదా?

మౌలాలి నుంచి: లేదమ్మా. మన పాత సెమాఫోర్, అంటే స్తంభానికి ఇనుప చెయ్యి ఉండే సిగ్నల్లో చెయ్యి అడ్డంగా చాచి ఉంటే 'ఆగు'. 45 నుంచి 60 డిగ్రీలు కిందికి వాలితే 'పో'. ఆ వాలడాన్నే పెద్దవాళ్లు పడింది అనేవారు. మూడో పాదం నాకు చాలా నచ్చింది. రెండో పాదంలో గది ఏదో తెలియట్లేదు. 'కేబినందు నొకడు గెడను లాగె' అంటే యతి చెడదు, చోటూ తెలుస్తుంది.

నిర్వాహకుడు: మంచి సవరణ.

లాలాగూడ నుంచి:
ఆనటన్న నాగు, నాఫన్న కదులును
రైలువారి బాస రాదు మనకు
తారనాక బడిని తమ్ముడు చెప్పెను
సిగ్నలు పడె, బండి శీఘ్ర మేగె

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. ఇంట్లో లైటు 'ఆన్' అంటే వెలుగు. రైల్వేలో సిగ్నల్ 'ఆన్'లో ఉందంటే ఆగమని, 'ఆఫ్' చేశారంటే దారి ఇచ్చారని. మీరు బడి అన్నది 1957లో మొదలైన ఇరిసెట్ అనుకుంటాను, దేశంలోని రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చేది అక్కడే. నాలుగో పాదానికి కొటేషన్ గుర్తులు పెట్టండి, తమ్ముడి నోటి మాట అవుతుంది.

లాలాగూడ నుంచి: పెట్టానండీ. డబుల్ ఎల్లో (రెండు పసుపు దీపాల సిగ్నల్) మీద కూడా ఒక సమస్య ఇమ్మంటున్నాడు తమ్ముడు.

నిర్వాహకుడు: తప్పకుండా. తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధపడమని దాని అర్థం కదా, ఈసారి తేటగీతిలో ఇస్తాను.