టేకా, సుబాబులా, వెదురా: కట్టె విల్లుకు ఏది తీసుకోవాలి?

ఉప్పల్ విలుకాడు:

అందరికీ నమస్తే. నాది ఉప్పల్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొంతకాలంగా క్లబ్బులో ఆర్చరీ నేర్చుకుంటున్నాను. అక్కడ ఫైబర్‌గ్లాస్ విల్లు ఇస్తారు. ఈ ఎండాకాలం నా చేతులతో కట్టె విల్లు ఒకటి చేసుకోవాలని ఉంది. చిత్రిక, రంపం, ఆకురాయి ఉన్నాయి. మా మామయ్య వాళ్ళ డాబా మీద బల్ల కూడా ఉంది.

చిక్కంతా కట్టె దగ్గరే. వీడియోలు చూస్తే ప్రతివాడూ యూ, ఓసేజ్ ఆరెంజ్, హికరీ అంటాడు. బోయిగూడలో టింబర్ డిపోలు తిరిగి ఆ పేర్లు చెప్తే, "విల్లా? దసరాకా సార్?" అని నవ్వారు. ప్రస్తుతం నాకు అందుబాటులో ఉన్నవి ఇవీ: ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బలార్షా టేకు పట్టె, ఆరడుగుల పైచిలుకు పొడవు. మా అపార్ట్‌మెంట్ వెనకాల మొన్న గాలివానకు పడిపోయిన సుబాబుల్ చెట్టు, అసోసియేషన్ వాళ్ళు తీసుకోమన్నారు. ఇక వెదురు ఎలాగూ బజార్లో దొరుకుతుంది. నా లాగుడు, అంటే నారిని వెనక్కి లాగే దూరం, 28 అంగుళాలు. లాగడానికి పట్టే బరువు 30, 35 పౌండ్లుంటే చాలు.

టేకు వాడేద్దామనే ఉంది. ఖరీదైన కట్టె, బాగా ఆరింది కూడా. ఏమంటారు?

తార్నాక కుర్రోడు:

అన్నా, పీవీసీ పైపు తీసుకుని హీట్ గన్‌తో వంచెయ్. గంటలో అయిపోతుంది. ఎందుకీ టెన్షన్?

ఉప్పల్ విలుకాడు:

తమ్ముడూ, పైపు ఇంట్లో నల్లాకు ఉంది, చాలు. నాకు కట్టెదే కావాలి.

లాలాగూడ కొయ్యపని:

బాబూ, నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కొయ్యపని చేసి రిటైరయ్యాను. మౌలాలీలో ఉంటాను. మనవళ్ళ కోసమని విళ్ళు చెక్కడం మొదలుపెట్టాను. వాళ్ళు ఫోన్లలో పడ్డారు, నేను మాత్రం ఇందులోనే ఉండిపోయాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు ఏ చెట్టు అని అడుగుతున్నావు. నేనైతే ముందు ఏ ముక్క అని అడుగుతాను. విల్లు పట్టుకుని నిలబడితే గురివైపు ఉండేది వీపు, నీవైపు ఉండేది పొట్ట. నారి లాగగానే వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వీపు మీద నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా పోవాలి. రంపం పట్టిన పలకలో నార ఏటవాలుగా వచ్చి ఎక్కడో ఒకచోట అంచులోంచి బయటపడుతుంది. విల్లు చీలిక లేచి విరిగేది సరిగ్గా అక్కడే. అందుకే పాతరోజుల్లో దుంగను రంపంతో కోయకుండా చీలలు దిగగొట్టి పగలదీసేవాళ్ళు. అలా చీలిస్తే కట్టె తన నార వెంటే విడిపోతుంది. నీ బలార్షా టేకు ఎంత మేలురకమైనా అది సా మిల్లు రంపం కిందినుంచి వచ్చిందే కదా.

టేకును తలుపులకు ఎందుకు వాడతాం? వానాకాలం పెద్దగా ఉబ్బదు, వంకర తిరగదు, చెద అంత తొందరగా పట్టదు. ఇవన్నీ చౌకట్టుకు కావలసిన గుణాలు. విల్లుకు కావలసింది సాగుడు. అనుమానముంటే ఆ పట్టెలోంచి పెన్సిలంత సన్నటి పుల్ల తీసి విరిచి చూడు. పొడుగు చీలికలు లేస్తూ, విరగనంటూ విరిగితే మంచి కట్టె. చాక్‌పీసులా పుటుక్కుమంటే దాన్ని వీపుకు నమ్మొద్దు. నా చేతిలో టేకు పుల్లలు ఎక్కువగా రెండోరకంగానే విరిగాయి.

వీడియోల సంగతి. యూ కట్టెలో పైన ఉండే తెల్లకట్టె సాగుతుంది, లోపలి చేవ నలుగుడుకు తట్టుకుంటుంది. ఈ రెండూ ఒకే కర్రలో వచ్చేలా చెక్కుతారు కాబట్టే ఇంగ్లిష్‌వాళ్ళ పొడుగు విల్లుకు అంత పేరు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు, అందులో బయటపడిన విళ్ళన్నీ యూ కట్టెవే. ఓసేజ్ ఆరెంజ్, హికరీలు అమెరికా చెట్లు. అక్కడివాళ్ళు తమ పెరట్లో దొరికేదాంతో చేసుకుంటున్నారు, అందులో తప్పేముంది? మనం కూడా అదే పని చేయాలి గానీ వాళ్ళ చెట్టు కోసం బోయిగూడలో వెతికితే ఎలా?

మన చెట్లలో నన్నడిగితే తడ. కొన్నిచోట్ల చరచి అంటారు, హిందీవాళ్ళు ధామన్ అంటారు. గొడ్డలి కామలకూ బండి నొగలకూ వాడే కట్టె. దెబ్బను ఓర్చుకుంటుంది, వంగి మళ్ళీ నిటారవుతుంది. అయితే సిటీ డిపోల్లో ఆ పేరుతో దొరకడం కష్టం. అక్కడ టేకు కానిదంతా "కంట్రీ వుడ్" కిందే లెక్క. ఆ కుప్పలో తుమ్మ ఏదో మద్ది ఏదో అమ్మేవాడికే తెలియదు. మద్ది, వేప బరువైనవే కానీ వాటి నార ఒక పొర ఇటు, ఒక పొర అటు అల్లుకుని ఉంటుంది. చిత్రిక పడితేనే పెళ్ళలు లేస్తాయి, విల్లుకు ఎలా పనికొస్తాయి?

సుబాబుల్‌ను కొట్టిపారేయను. ముందు బెరడు చూడు. బెరడు మీది చీలికలు మెలితిరిగి ఉంటే లోపల నార కూడా చాలావరకు మెలితిరిగే ఉంటుంది. నిటారుగా ఉండి, ఆరడుగుల మేర కొమ్మ కన్ను లేని భాగం దొరికితే తీసుకో. ఒక అనుమానం మాత్రం ఉంది. గాలికి వంగి వంగి పడిన చెట్టులో పైకి కనపడని నలుగుళ్ళు ఉంటాయి. చెక్కి నున్నగా చేశాక అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే పక్కన పడెయ్. తీసుకునే పనైతే వెంటనే రెండుగా చీల్చి, కొసలకు పెయింట్ పూసి నీడలో పెట్టు. మే నెల ఎండలో వదిలేస్తే కొసల నుంచి పగుళ్ళు పాకుతాయి. పచ్చి కట్టె అంగుళం మందానికి ఏడాది ఆరాలంటారు. చీల్చి, విల్లు సైజుకు కాస్త లావుగా గీసి పెడితే అంతకంటే చాలా ముందే ఆరుతుంది. వంటింటి కాటా మీద వారం వారం తూకం వెయ్. తగ్గడం ఆగిందంటే ఆరినట్టే.

కానీ ఈ ఎండాకాలమే చేయాలంటే వెదురు కొను. అది నీకు మూడో మాటగా గుర్తొచ్చింది, నేనైతే దాంతోనే మొదలుపెట్టేవాణ్ణి.

వెదురుగడ:

తాతగారి చివరి మాట దగ్గర నేను అందుకుంటాను. నేను ఇండియన్ రౌండ్ ఆడినదాన్ని, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. తెలియనివాళ్ళ కోసం: మన దేశంలో ఇండియన్ రౌండ్ పోటీలు వెదురు విల్లుతోనే, 50 మీటర్లు, 30 మీటర్ల దూరాల్లో జరుగుతాయి. కాబట్టి వెదురంటే పిల్లల ఆట వస్తువు అనుకోకండి. భిల్లుల విల్లుకైతే నారి కూడా వెదురు బద్దే.

పందిళ్ళకు వాడే డొల్ల బొంగు వద్దు. లాఠీలు చేసే రకం, గోడ మందంగా ఉన్నది, అడుగుభాగం అడగండి. లేత గడ పనికిరాదు, కనీసం మూడేళ్ళు ముదిరినది కావాలి. లేతది నిగనిగలాడుతూ పచ్చగా ఉంటుంది, ముదిరినదాని మీద బూడిదరంగు మచ్చలుంటాయి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న గడకు పుచ్చు పురుగు తొందరగా పడుతుంది. కింద పిండిలాంటి పొడి రాలుతుంటే ఆ కట్ట జోలికే పోవద్దు.

వెదురులో బలమంతా పైతోలు దగ్గరే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ నార పలచబడుతుంది. అందుకే తోలువైపు వీపు చేయండి, దాన్ని గీకొద్దు. కణుపులు ఎత్తుగా ఉన్నాయని ఆకురాయితో చదును చేస్తుంటారు చాలామంది. నార తెగేది అక్కడే. తీసేదంతా లోపలివైపు నుంచే. పొట్టవైపు నిప్పుల సెగ మీద గోధుమరంగు వచ్చేదాకా కాస్తే నలుగుడుకు ఇంకా గట్టిపడుతుంది. తోలువైపు మాత్రం సెగ తగలనివ్వకండి.

తాతగారూ, ఒక్క విషయంలో మీతో ఒప్పుకోను. టేకును పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. వీపుకు వెదురు బద్ద అతికించి, పొట్టకు టేకు పెడితే సాగే పని వెదురు చూసుకుంటుంది.

లాలాగూడ కొయ్యపని:

మంచి మాటే అమ్మా. అయితే టేకులో నూనె ఉంటుంది, ఊరికే ఫెవికాల్ రాసి బిగిస్తే పట్టు నిలవదు. అతికించే ముందు అప్పటికప్పుడు కొత్తగా గీసి, థిన్నర్‌తో తుడిచి, ఆరగానే జిగురు పెట్టాలి. రేపు పెడదాంలే అని వదిలేస్తే నూనె మళ్ళీ పైకి వస్తుంది. మొదటి విల్లుకు ఇంత తంటా ఎందుకనే నా అభ్యంతరం. పైగా ఈ అబ్బాయి ఒకే కట్టెది కావాలన్నట్టున్నాడు.

ఉప్పల్ విలుకాడు:

ఒకే కట్టెదైతేనే ఇష్టం సార్. ఇద్దరికీ చాలా థాంక్స్. టేకు పుల్ల విరిచి చూశాను, పుటుక్కుమంది! సుబాబుల్ బెరడు మెలితిరిగే ఉంది, మా వాచ్‌మన్‌కు పొయ్యిలోకి ఇచ్చేశాను. ఇంకో రెండు సందేహాలు. పలక కొనేటప్పుడు నార ఎటు పోతోందో కంటికి తెలియకపోతే ఎలా? వెదురు విల్లు కొలతలు ఎంత పెట్టాలి? అడవి నుంచి తెచ్చిన గడ అయితే చట్టం గొడవ ఏమైనా ఉంటుందా?

లాలాగూడ కొయ్యపని:

రెండని మూడు అడిగావు. నార తెలియాలంటే పలక మీద ఇంకు చుక్క ఒకటి వెయ్. అది నార వెంటే పాకుతుంది. పలక అంచుకు సమానంగా పాకితే మంచిది, ఏటవాలుగా పోతే వద్దు. ముఖం మీదా, పక్క మీదా రెండుచోట్లా చూడాలి. డిపోవాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

కొలతలు. నీ 28 అంగుళాల లాగుడుకు విల్లు 66 నుంచి 68 అంగుళాలు ఉండనీ. పొడుగు విల్లు కట్టెకు సుఖం. వెడల్పు పిడి దాటాక అంగుళంన్నర పెట్టి, కొసలకు అర అంగుళానికి దించు. మందం దగ్గర మాత్రం తొందరపడకు. వెడల్పు రెట్టింపైతే బలం రెట్టింపు, మందం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. అంటే మందంలో పదోవంతు గీకితే బలం పాతిక శాతానికి పైనే పడిపోతుంది. అందుకే ఆఖర్లో చిత్రిక పక్కన పెట్టి గాజుపెంకుతోనో, స్క్రేపర్‌తోనో గీకు. కొంచెం గీకడం, చాలాసార్లు మెల్లగా లాగి, నారి వదలకుండా మళ్ళీ మెల్లగా వెనక్కి దించడం, దూరం నుంచి వంపు చూడడం. విల్లు రెండు చేతులూ, అంటే పిడికి అటూ ఇటూ ఉన్న భాగాలు, ఒకే తీరుగా వంగేదాకా 28కి లాగకు. లగేజీ కాటాకు తగిలించి చూసుకో, ఏ దశలోనూ 35 పౌండ్లు దాటనీయకు. బాణం లేకుండా నారి లాగి వదిలే సరదా అసలే వద్దు, ఎంత మంచి విల్లయినా దాంతో పగలొచ్చు.

మన ఊళ్ళో ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో గాలి మరీ పొడి. అప్పుడు కట్టె పెళుసెక్కుతుంది. డాబా మీద రేకుల కింద పెట్టకు, ఇంట్లో నీడపట్టున పెట్టు. అదే విల్లు ఆగస్టులో మెత్తబడి, నారి తీసినా వంపు నిలిచిపోయినట్టు అనిపిస్తుంది. నూనె పట్టించి ఉంచితే ఆ తేడా కొంత తగ్గుతుంది.

వెదురుగడ:

చట్టం సంగతి నేను చెప్తాను. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి కాని భూముల్లో పెంచిన వెదురును చెట్టు నిర్వచనంలోంచి తీసేశారు. కాబట్టి తోటల్లో పెంచిన గడ కొనడానికి భయం లేదు. అడవిలోంచి మనంతట మనం నరికి తెచ్చుకోవడం మాత్రం ఇప్పటికీ నేరమే. నల్లమల ట్రిప్పుకు వెళ్ళినప్పుడు కార్లో వేసుకురావద్దు. బజార్లో బిల్లు అడిగి కొనండి.

ఉప్పల్ విలుకాడు:

ఆదివారం పొద్దున్నే వెళ్తున్నా మేడమ్. రంపం తీసుకెళ్ళాలా, వాళ్ళే కోసిస్తారా?

వెదురుగడ:

వాళ్ళే కోస్తారు. ఏడడుగుల ముక్క అడగండి, రెండు కొసలూ కణుపుకు నాలుగు వేళ్ళు అవతల కోయించండి. ఒక గడలో నాలుగు బద్దలు వస్తాయి, చీల్చడం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాకే.