గద్వాల్ చీరకి చూయింగ్ గమ్ అంటుకుంది, ఇంట్లోనే తీయొచ్చా?

కర్నూలు కోడలు అడిగింది:

నిన్న రాత్రి మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి మా అత్తమ్మ గద్వాల్ చీర కట్టుకెళ్లాను. ఎర్ర కాటన్ చీర, ఆకుపచ్చ పట్టంచు, జరీ. ఫంక్షన్ హాల్లో కుర్చీ మీద ఎవరో చూయింగ్ గమ్ అంటించి వదిలేశారు. చూసుకోకుండా కూర్చున్నాను. ఇంటికొచ్చి చీర విప్పితే వెనక వైపు రూపాయి బిళ్లంత ముద్ద, దాని నుంచి సాగిన తీగ ఒకటి అంచు దాకా పోయింది. జరీ మీద కూడా కొంచెం పడింది.

అత్తమ్మ ఏమీ అనలేదు, అందుకే నాకు ఇంకా టెన్షన్‌గా ఉంది. ఆమె పెళ్లైన కొత్తలో గద్వాల వెళ్లి కొనుక్కున్న చీర ఇది. వేడి నీళ్లలో నానబెట్టమని పక్కింటావిడ, పల్లీల బటర్ రాయమని యూట్యూబ్. నేనింకా నీళ్ల చుక్క కూడా తగలనివ్వలేదు. చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఇద్దరు పిల్లల అమ్మ:

డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి అక్కా. మా బాబు స్కూల్ ప్యాంటుకి అంటుకుంటే కవర్లో చుట్టి రెండు గంటలు పెట్టాను. గట్టిపడి పెచ్చులుగా ఊడొచ్చింది. పట్టుచీరకి మాత్రం నేనెప్పుడూ చేయలేదు.

హాస్టల్ కుర్రాడు:

పైన న్యూస్ పేపర్ వేసి ఇస్త్రీ పెట్టె పెట్టండి, గమ్ పేపర్‌కి అంటుకుని వచ్చేస్తుంది. నా జీన్స్‌కి అలాగే పోయింది.

రోలింగ్ షాపు అక్క, రాజమండ్రి:

అమ్మా, ఇస్త్రీ పెట్టె దగ్గరికి పోవద్దు. తమ్ముడు చెప్పింది మందపాటి జీన్స్‌కి నడిచి ఉండొచ్చు, గద్వాల్‌కి వద్దు. మాది చీరల రోలింగ్, పాలిష్, డ్రై వాష్ షాపు. పెళ్లిళ్ల సీజన్లో గమ్ అంటిన చీరలు వస్తూనే ఉంటాయి. గమ్ వల్ల పాడైన చీర తక్కువ. ఇంట్లో కంగారుపడి వేడి తగిలించి, రుద్ది తెచ్చినవే మాకు తలనొప్పి.

ముందు అదేమిటో తెలుసుకో. నోట్లో కరిగిపోయేది చక్కెర, వాసన మాత్రమే. మిగిలే ముద్ద రబ్బరు లాంటి పదార్థం, నీళ్లలో కరగదు. నానబెట్టి లాభం లేకపోగా ఎర్ర రంగు దిగి పట్టంచుకి పట్టే ప్రమాదం ఉంది. వేడికి అది మెత్తబడి నేత సందుల్లోకి దిగుతుంది, చల్లదనానికి బిగుసుకుని పెళుసవుతుంది. కాబట్టి మన దారి చల్లదనమే.

చీర మొత్తం ఫ్రిజ్‌లో కుక్కక్కర్లేదు. గమ్ ఉన్న చోట కింద స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద చీర పరువు. ఐసు ముక్కలు పాలిథిన్ కవర్లో వేసి, మూతి గట్టిగా కట్టి గమ్ మీద పెట్టు. కవర్ చెమ్మగిల్లుతుంది కదా, చుట్టూ పొడి తువ్వాలు పెట్టుకో. పట్టు మీద నీళ్లు పడితే మరక కడుతుంది. పావుగంట తర్వాత గోటితో కొట్టి చూడు, టక్‌మని గట్టిగా మోగాలి. మెత్తగా ఉంటే ఇంకాసేపు ఆగు.

గట్టిపడ్డాక చీరని రెండు చేతులతో పట్టుకుని గమ్ ఉన్న చోట వెనక్కి మెల్లగా వంచు. ముద్ద చిట్లుతుంది. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతోనో, చెంచా కాడతోనో ముద్ద అంచు నుంచి లోపలికి పెచ్చులు లేపుకుంటూ రా. చాకు, బ్లేడు ముట్టుకోకు. దారం పోయే దిక్కునే గీకాలి, అడ్డంగా గీకితే నూలు పీచు లేస్తుంది. మన చేతి వేడికే అది మళ్లీ సాగడం మొదలెడుతుంది. సాగితే లాగకు, మళ్లీ ఐసు పెట్టు. ఇక్కడ ఓపిక ఉంటే చీర దక్కినట్టే.

నువ్వు భయపడాల్సింది చీర నడుమ ఉన్న ముద్దకి కాదు, అంచు దాకా పోయిన ఆ తీగకి. గద్వాల్‌లో కాటన్ ఒళ్లు, పట్టంచు వేరు వేరు పోగులు. రెండూ కలిసే చోట పోగు పోగుకీ మెలిక వేసి నేస్తారు, కుప్పడం అంటారు. వేలు పెట్టి తడుము, సన్నటి గట్టులా తగులుతుంది. ఆ గట్టు మీద కార్డు నడిపావంటే మెలిక లేచిపోతుంది. అక్కడ గీకకుండా ఐసు పెట్టి, చిట్లిన ముక్కల్ని గోటితో ఏరు. జరీ కూడా అంతే. లోపలి దారం మీద లోహపు రేకు చుట్టి ఉంటుంది, గీకితే ఆ చుట్టు విడిపోయి లోపలి దారం బయటపడుతుంది. దాన్ని మళ్లీ చుట్టేవాళ్లు లేరు.

ముద్ద పోయాక జిగట పొర మిగులుతుంది. కాటన్ మీద ఉన్నదానికి నీలగిరి తైలం వాడొచ్చు, మందుల షాపుల్లో చిన్న సీసా దొరుకుతుంది. ముందు కట్టు చెంగు లోపలి కొసన ఒక చుక్క వేసి తెల్ల గుడ్డతో అద్ది చూడు. గుడ్డకి ఎరుపు అంటితే అక్కడితో ఆపెయ్. అంటకపోతే గమ్ పొర కింద తెల్ల గుడ్డ పెట్టి, గమ్ అంటని రెండో వైపు నుంచి దూదితో అద్దు. రుద్దకు. జిగట కింది గుడ్డకి దిగుతుంది, గుడ్డ జాగా మారుస్తూ ఉండు. తర్వాత టాల్కమ్ పౌడర్ చల్లి ఓ గంట ఉంచి దులిపేస్తే నూనె చాలావరకు లాగేస్తుంది.

పల్లీల బటర్‌లోనూ పని చేసేది నూనే. గమ్ వదులుతుంది కానీ అంతకంటే పెద్ద నూనె మరక మిగిలి, దాన్ని వదిలించడానికి సబ్బు, నీళ్లు కావాలి. స్కూల్ ప్యాంటుకైతే కొబ్బరి నూనె రాసి, గమ్ తీసేసి, గిన్నెల లిక్విడ్ పోసి ఉతికేయొచ్చు. ఈ చీరకి అది కుదరదు.

గోళ్ల రంగు తుడిచే రిమూవర్ వద్దు, రంగు లాగేస్తుంది. కొన్ని రకాల ఆర్ట్ సిల్క్ గుడ్డ అయితే దాంట్లో కరిగి చిల్లే పడుతుంది. ఇంట్లో పెట్రోలు అసలు వద్దు. మేం పెట్రోల్ వాష్ చేస్తామంటే మాకు దానికి వేరే జాగా ఉంది, దగ్గర్లో నిప్పు ఉండదు. వంటింటి పక్కన ఆ ఆవిరి పోగైతే స్టవ్ వెలిగించగానే ప్రాణం మీదికొస్తుంది.

కర్నూలు కోడలు:

అక్కా, ఐసు పెట్టాను. ముద్దంతా పెచ్చులుగా వచ్చేసింది, మీరన్నట్టే టక్‌మని మోగింది. నీలగిరి తైలం కట్టు చెంగు మీద వేసి చూస్తే రంగు దిగలేదు, అందుకే కాటన్ మీద అద్దాను, శుభ్రంగా పోయింది. అంచు గట్టు మీద మాత్రం మబ్బుగా ఒక గీత, జరీలో రెండు చిన్న చుక్కలు మిగిలాయి. వాటికీ తైలం అద్దనా? అత్తమ్మ పక్కనే కూర్చుని కింద గుడ్డ జరుపుతూ ఉన్నారు.

రోలింగ్ షాపు అక్క, రాజమండ్రి:

వద్దమ్మా, అక్కడ ఆపెయ్. పట్టు, జరీ డ్రై వాష్ వాళ్లకి వదిలెయ్. ఇచ్చేటప్పుడు మరక అని ఊరుకోకుండా చూయింగ్ గమ్ అని, కాటన్ మీద నీలగిరి తైలం వాడానని కూడా చెప్పు. ఏం వాడారో తెలిస్తే దానికి తగ్గ మందు వాళ్లు వేస్తారు. ఆ చుక్కల చుట్టూ తెల్ల దారంతో వదులుగా ఒక కుట్టు వేసి ఇవ్వు, మడతల్లో వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. గమ్ పోయిందని నీ కళ్లతో చూసుకున్నాకే రోలింగ్‌కి ఒప్పుకో. వేడి రోలర్ కిందికి గమ్‌తో వెళ్తే ఆ పొర శాశ్వతంగా ఉండిపోతుంది. అప్పటిదాకా చీర బీరువాలో పెట్టకుండా నీడలో దండెం మీద వెయ్, తైలం వాసన పోతుంది.