ఏసీ ఇన్‌డోర్ యూనిట్ నుంచి నీళ్లు, మాటిమాటికీ ఆగే కంప్రెసర్: గ్యాసా, సెన్సారా?

మాది కోరాపుట్. ఇక్కడి చలికి పనికొస్తుందని 1.5 టన్నుల హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ తీసుకున్నాం, ఆర్-32 గ్యాస్. ఇప్పుడు కూలింగ్‌లో 24 మీద పెడితే కంప్రెసర్ 4-5 నిమిషాలు నడిచి ఆగుతుంది, 3 నిమిషాలకు మళ్లీ మొదలు. అరగంటకల్లా ఇన్‌డోర్ ఎడమ మూల నుంచి నీళ్లు గోడ వెంట స్విచ్‌బోర్డు దాకా జారుతున్నాయి. కారేది ఎక్కువగా కంప్రెసర్ ఆగినప్పుడే.

ఫిల్టర్లు కడిగాను. ట్రేలో చెంబుడు నీళ్లు పోస్తే బయటికి ధారగా పోతున్నాయి, కాబట్టి డ్రెయిన్ పైపు మూసుకోలేదు. ఓల్టేజీ 225. మూత తీస్తే కాయిల్‌కి సగం మీదే మంచు, బయట సన్న రాగి గొట్టం నట్టు దగ్గరా తెల్లగా పేరుకుంది.

మెకానిక్ గ్యాస్ నింపేస్తానంటాడు, లీకు వెతకమంటే మాత్రం అక్కర్లేదంటాడు. లీకు లేకుండా గ్యాస్ ఎలా తగ్గుతుందండీ?

ఇది గ్యాస్ తక్కువవడమేనా, లేక కాయిల్ ఎంత చల్లబడిందో కొలిచే సెన్సార్ పాడైనా ఇలాగే మంచు కడుతుందా?