“కాథెటర్ మచ్చలను గుర్తించి చూపిస్తుంది”: ఈ వాక్యం సరిగ్గా ఉందా?

కూకట్‌పల్లి నుంచి:
అందరికీ నమస్కారం. మా పెదనాన్నకు గుండె లయ తప్పుతోంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. వచ్చే వారం అబ్లేషన్, అంటే లయ తప్పించే చోట్లను లోపలి నుంచే పనిచేయకుండా చేసే చికిత్స. ఆస్పత్రిలో తెలుగులో ఒక కాగితం ఇచ్చారు. అందులో “కాథెటర్ గుండెలోని మచ్చలను గుర్తించి చూపిస్తుంది” అని ఉంది. కాథెటర్ అనగానే పెదనాన్న మూత్రం పైపు అనుకుని టెన్షన్ పడ్డారు. పెద్దమ్మేమో “గుండె మీద మచ్చేంటే, చూసినోళ్లెవరు?” అంటోంది. దీన్ని వాళ్లకు అర్థమయ్యేలా ఎలా రాయాలో ఎవరైనా చెప్తారా?

తార్నాక నుంచి:
కాథెటర్‌ను నాళిక అనొచ్చమ్మా.

మెహిదీపట్నం నుంచి:
నాళిక అంటే మా ఇంట్లో అయితే నాలుక అనుకుంటారు సార్.

సోమాజిగూడ నుంచి:
నేను క్యాథ్ ల్యాబ్ (గుండెలోకి కాథెటర్లు పంపే గది) టెక్నీషియన్‌ని. మా దగ్గర డాక్టర్లయినా మేమైనా “గ్రిడ్ ఇవ్వండి”, “ల్యాసో తీయండి” అని కాథెటర్ల రకాల పేర్లతోనే అంటాం. కాథెటర్‌ను అలాగే ఉంచి, ముందు “తొడ దగ్గరి సిరలోంచి గుండెలోకి పంపే సన్నటి తీగలాంటి” అని చేర్చండి. మూత్రం పైపు గొడవ తీరిపోతుంది.

నా అభ్యంతరమల్లా “గుర్తించి చూపిస్తుంది” మీద. మచ్చను గుర్తుపట్టే తెలివి కాథెటర్‌కు లేదు. దాని ఎలక్ట్రోడ్ల (విద్యుత్తును పట్టే చిన్న లోహపు ముక్కల) మధ్య వోల్టేజి ఎంతొచ్చిందో కొలుస్తుంది, అంతే. 0.5 మిల్లీవోల్ట్ కంటే తక్కువ వస్తే అక్కడ కండరం దెబ్బతిని ఉండొచ్చని డాక్టర్లు మామూలుగా పెట్టుకునే లెక్క. ఏ కాథెటర్‌తో కొలిచామన్న దాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది.

అబ్లేషన్ చేసే కాథెటర్‌తోనే ఒక్కో చోటా తాకిస్తూ కొలవొచ్చు. కానీ దాని కొన ఎలక్ట్రోడే 3.5 మిల్లీమీటర్లు ఉంటుంది. చార్మినార్ పైనుంచి లాడ్ బజార్ గోల విన్నట్టు, చుట్టుపక్కల కండరం చప్పుడంతా కలిసి ఒకే అంకె వస్తుంది. పెంటారే అనే కాథెటర్‌కు అయిదు సన్నటి కొమ్మలు, వాటి మీద 20 ఎలక్ట్రోడ్లు, ఒక్కోటి 1 మిల్లీమీటరు. పెద్ద కొనతో కొలిచినప్పుడు పూర్తిగా దెబ్బతిన్నట్టు కనిపించిన చోట కూడా బతికున్న సన్నటి దారులు దీనితో దొరుకుతాయి. అందుకే పెద్ద కొనతో తీసిన మ్యాప్‌లో (కొలిచిన వోల్టేజిలతో గీసే గుండె బొమ్మలో) విశాలంగా ఉన్న “మచ్చ” దీనితో చూస్తే చాలాసార్లు చిన్నదవుతుంది.

హెచ్‌డీ గ్రిడ్‌ది ఇంకో రకం. నాలుగు వరుసల్లో నాలుగేసి, మొత్తం 16 ఎలక్ట్రోడ్లు, 3 మిల్లీమీటర్ల ఎడంతో. విద్యుత్తు అల రెండు ఎలక్ట్రోడ్లను ఒకే క్షణంలో దాటితే వాటి మధ్య తేడా సున్నాకు దగ్గరగా వస్తుంది. కండరం నిక్షేపంగా ఉన్నా మ్యాప్ దాన్ని పాడైనట్టే చూపిస్తుంది. గ్రిడ్ నిలువుగానూ అడ్డంగానూ కొలిచి, రెండిట్లో పెద్ద అంకె తీసుకుంటుంది. వోల్టేజి మ్యాప్ వరకు నా ఓటు గ్రిడ్‌కే. ల్యాసో గుండ్రంగా ఉంటుంది. పుపుస సిరల (ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చేవి) ముఖం దగ్గర కూర్చోబెట్టి, ఆ సిరకూ గుండెకూ మధ్య విద్యుత్ సంబంధం తెగిందో లేదో చూడటానికి అదే చాలు. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు ఈ రోగం చాలామందిలో ఆ సిరల్లోనే మొదలవుతోందని చూపించినప్పటి నుంచి అబ్లేషన్‌లో ముఖ్యమైన పని అక్కడే.

కొమ్మల కాథెటర్లతో ఒక చిక్కుంది. ఏదో ఒక కొమ్మ గోడకు సరిగా ఆనకపోతే అక్కడ వోల్టేజి ఊరికే తగ్గిపోతుంది. కొన ఎంత ఒత్తిడితో ఆనిందో గ్రాముల్లో చెప్పే సదుపాయం అబ్లేషన్ కాథెటర్లలో ఉంది, వీటిలో సాధారణంగా ఉండదు. పైగా దడ నడుస్తుండగా కొలిస్తే, లయ కుదుటపడ్డాక కొలిచినదానికంటే తక్కువ వస్తుంది.

తార్నాక నుంచి:
గుండె పై గది ఏట్రియంకు కర్ణిక అని తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదివిందే కదా. పూర్వం లాటిన్‌లో దాన్ని ఆరిక్యులా, అంటే “చిన్న చెవి” అన్నారు, మనవాళ్లు కర్ణం తీసుకొచ్చారు. కింది గది జఠరిక కూడా అంతే, వాళ్ల “చిన్న పొట్ట” మన జఠరం అయింది.

మెహిదీపట్నం నుంచి:
బాగుంది సార్, కానీ కాగితంలో “పై గది” చాలు. “మచ్చ” కూడా వద్దు, అది పరువుకు పడేది. “గట్టిపడిన చోటు” అంటే?

సోమాజిగూడ నుంచి:
రక్తనాళాలు గట్టిపడ్డాయనుకుంటారండి. “కరెంటు తగ్గిన చోటు” అందామంటే షాక్ పెడతారని భయపడతారు. “దెబ్బతిన్న కండరం” అనండి.

కూకట్‌పల్లి నుంచి:
ఇలా రాశాను: “తొడ దగ్గరి సిరలోంచి సన్నటి తీగలాంటి కాథెటర్‌ను గుండె పై గదిలోకి పంపి, ఏ చోట విద్యుత్తు ఎంత బలంగా ఉందో కొలుస్తారు. బలం తక్కువున్న చోట కండరం దెబ్బతిని ఉండొచ్చు.”

సోమాజిగూడ నుంచి:
“ఎడమ పై గది” చేయండి. “ఉండొచ్చు” మాత్రం తీసేయకండి. తర్వాత రంగుల బొమ్మ చూపిస్తే, మామూలుగా ఎరుపు తక్కువ వోల్టేజికి, ఊదా ఆరోగ్యంగా ఉన్న చోటికి. ఎర్రగా ఉన్నదంతా రక్తం కాదని పెద్దమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.