డబ్ల్యూపీఎస్ (వెల్డింగ్ ఎలా చేయాలో రాసిన కాగితం) రివిజన్ మారింది, షాపులో మాత్రం పాత కాపీయే నడుస్తోంది. మీ దగ్గర ఎలా ఆపుతున్నారు?

గాజువాక_క్యూసీ:
ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో క్యూసీ (నాణ్యత తనిఖీ) చేస్తున్నా. ఎస్‌ఏ-333 గ్రేడ్ 6 పైపు, ఎల్‌ఎఫ్2 ఫ్లాంజీలు (రెండూ బాగా చలి తట్టుకునే స్టీల్), మైనస్ 46 డిగ్రీల దగ్గర ఇంపాక్ట్ టెస్ట్ (దెబ్బకి పగలకుండా ఉందో లేదో చూసేది) పాసవ్వాలి, పైపు స్పూల్స్ జాబ్. మా డబ్ల్యూపీఎస్ రివిజన్ 1లో రూట్ (అడుగు పొర) టిగ్ వెల్డింగ్, పైన 7018 రాడ్. క్లయింట్ కామెంట్ కొడితే ఇంపాక్ట్‌తో కొత్త పీక్యూఆర్ (ట్రయల్ వెల్డ్ టెస్ట్ రికార్డు) చేసి రివిజన్ 2లో 7018-1 (చలిలో కూడా గట్టిగా ఉండే రకం) పెట్టాం, ఇంటర్‌పాస్ (పొరకీ పొరకీ మధ్య దాటకూడని వేడి) 250 డిగ్రీల నుంచి 175కి దించాం. అప్రూవల్ వచ్చింది, మాస్టర్ లిస్టులో (ఏ కాగితానికి ఏ రివిజన్ నడుస్తోందో చెప్పేది) ఎక్కించాం, ఫోర్‌మన్ సంతకం కూడా తీసుకున్నాం, ఇంక ఏ లోటూ లేదనుకున్నా. మొన్న టీపీఐ (థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్) ఆయన వచ్చి బూత్ గోడ వైపు చూస్తే రివిజన్ 1, అదీ లామినేషన్ చేయించి స్క్రూలు బిగించి మరీ ఉంది. స్టోర్‌లో ఇష్యూ స్లిప్పులు తిరగేస్తే తొమ్మిది జాయింట్లకి మామూలు 7018 వెళ్లింది. స్టోర్ కుర్రాడిని అడిగితే "ఆ డాష్ ఒకటి రివిజన్ నంబర్ అనుకున్నాను సార్" అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు. తొమ్మిదీ ఆర్టీ (రేడియోగ్రఫీ టెస్ట్) పాసే! ఫిల్మ్‌లో పొరాసిటీ (గాలి బుడగలు) కనబడుద్ది, స్లాగ్ కనబడుద్ది, డాష్ ఒకటి కనబడదుగా. అన్నీ కోసి మళ్లీ కొట్టిస్తున్నాం. మీ దగ్గర పాత కాపీలు ఎలా వెనక్కి లాగుతున్నారో చెప్పండి.

పెద్దాయన_క్యూఏ:
బాబూ, లామినేషన్‌ని తర్వాత తిడుదువుగాని, ముందు ఒకటి చెప్పు. పీక్యూఆర్ కొత్తది, రాడ్ కొత్తది, ఇంపాక్ట్ కొత్తగా వచ్చింది, మరి డబ్ల్యూపీఎస్ నంబర్ పాతదే ఎందుకు ఉంచారు? ఇంపాక్ట్ లేని మామూలు కార్బన్ స్టీల్ జాబులకి మీ రివిజన్ 1 ఇంకా పనికొచ్చేదే కదా. అంటే గోడ మీద ఉన్నది చచ్చిన కాగితం కాదు, పక్క జాబుకి బతికే ఉంది. అలాంటప్పుడు వెల్డర్ ఏది చూడాలి? ఇంపాక్ట్ అడిగినప్పుడే ఏఎస్‌ఎంఈ కోడ్ సెక్షన్ 9లో సప్లిమెంటరీ ఎసెన్షియల్ వేరియబుల్స్ (ఇంపాక్ట్ కోసం అదనంగా చూడాల్సిన అంశాలు) లెక్కలోకి వస్తాయి, కాబట్టి వాటితో రాసిన డబ్ల్యూపీఎస్‌కి వేరే నంబర్ ఇచ్చేయడమే మంచిది. రివిజన్ చేయకూడదని కోడ్ అనదు, షాపు ఫ్లోర్ మీద ఆ తేడా ఎవడికీ కనబడదు, అంతే.

గాజువాక_క్యూసీ:
నిజమే గురువుగారూ. కొత్త నంబర్ అంటే మళ్లీ మొదటి నుంచి అప్రూవల్ తిరగాలని మా ఆఫీసులో పాత నంబర్ మీదే కానిచ్చేశారు. నేనూ ఊరుకున్నా, అది నా తప్పే.

జీడిమెట్ల_షెడ్డు:
మీకు కనీసం మాస్టర్ లిస్ట్ ఉంది అన్నా. మా అసొంటి చిన్న షెడ్లల్ల డాక్యుమెంట్ కంట్రోలర్ అంటే అకౌంట్స్ చూసే పిల్లనే. మేం చేసిన తప్పు చెప్తా వినుండ్రి. వేరే షాపోళ్ల వర్డ్ ఫైల్ దొరికింది, పేరు మార్చి మాది చేస్కున్నం. దాంట్ల థిక్‌నెస్ రేంజ్ 5 నుంచి 38 ఎంఎం దాకా ఉండె. వాళ్లది 19 ఎంఎం కూపన్ (టెస్ట్ ముక్క) కాబట్టి డబుల్ 38 వచ్చింది, మాది 12 ఎంఎం కూపన్, లెక్క ప్రకారం 24 దాటొద్దు. రెండేండ్లు ఎవరూ చూడలే. 32 ఎంఎం ప్లేట్ జాబు వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టర్ పీక్యూఆర్ పక్కన పెట్టుకొని చదివిండు, పట్టిండు. పని ఆపి కొత్త కూపన్ కొట్టి ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా కూసున్నం. కంట్రోల్డ్ కాపీ స్టాంపు మాత్రం సక్కగ ఉండె దాని మీద!

రాడ్డు_రాంబాబు:
నేను వెల్డర్ని, ఊరు సిక్కోలు, ఇప్పుడు గుజరాత్‌లో చేస్తన్నాను. మీరందరూ కాగితాల గురించే మాట్లాడతన్నారు గానీ ఆ కాగితం మాకు ఎవలు సూపిత్తారండీ? నాలుగు పేజీల ఇంగ్లీషు. మాకు కావాల్సింది ఏటి, రాడ్ ఏది, ఆంప్స్ ఎంత, పోలారిటీ ఏది, ప్రీహీట్ ఎంత, ఇంటర్‌పాస్ ఎంత. ఫోర్‌మన్ నోటితో సెప్పిందే మా డబ్ల్యూపీఎస్, లేదంటే వాట్సాప్‌లో ఎప్పుడో పెట్టిన ఫొటో. మీరు గోడ మీద మార్చినా నా ఫోన్‌లో ఫొటో మారదు కదా. ఇక్కడ జాయింట్ కార్డు ఇస్తారు, అందులో డబ్ల్యూపీఎస్ నంబరు, రాడ్ పేరు పెద్దక్షరాల్లో ఉంటాది, ఆ కార్డు సూపిత్తేనే స్టోర్‌లో రాడ్లు. ఇంకోటి, రాడ్ మీద హోల్డర్ పట్టే సివర దగ్గర 7018-1 అని అచ్చు ఉంటాది. ముట్టించీసాక అన్ని రాడ్లూ ఒకలాగే కాల్తాయి, అందుకే ముందే సూసుకోమని సెప్పండి.

జుబైల్_డీసీ:
నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌నే, తిట్లు తినే జాతి. ఇక్కడ సౌదీలో సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రతి ప్రింట్ కింద తీసిన తేదీ పడుతుంది, "ఈ రోజుకే చెల్లుతుంది" అని. అయినా జనం ఫొటోకాపీ తీస్తారు. ఎర్ర ఇంకు స్టాంపు వేస్తే జెరాక్స్‌లో నల్లగా వస్తుంది, పట్టేయొచ్చు అని ఒకప్పుడు అనుకునేవాళ్లం, కలర్ జెరాక్స్ వచ్చి ఆ ముచ్చటా తీర్చింది. నాకు పని చేసింది ఒకటే, పాతది చేతిలో పెడితేనే కొత్తది. ఎన్ని కాపీలు ఇచ్చామో అన్నీ వెనక్కి రావాలి, ఒకటి తక్కువైనా కొత్తవి ఇవ్వను, ఫోర్‌మన్ ఎంత అరిచినా సరే. అసలు పెద్ద తలనొప్పి ఇంకోటి, "కామెంట్లతో అప్రూవ్డ్" అని తిరిగొచ్చిన కాపీ. అప్రూవ్డ్ అన్న ముక్క చదివి పని మొదలెడతారు, కామెంట్లు ఎవరూ చదవరు.

పెద్దాయన_క్యూఏ:
జుబైల్ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించడానికి డబ్ల్యూపీఎస్ పని దగ్గర అందుబాటులో ఉండాలన్నదే కోడ్ మాట, గోడకి బిగించమని ఎక్కడా లేదు. బూత్‌కో ఫోల్డర్ పెట్టి రాంబాబు చెప్పిన కార్డు తెలుగులోనో హిందీలోనో ఇవ్వండి. కాకపోతే ఆ కార్డుకీ రివిజన్ నంబర్ వేసి మాస్టర్ లిస్టులో ఎక్కించాలి, లేకపోతే రేపు దాని పాత కాపీ కోసం మళ్లీ ఇక్కడికే వస్తావు.

గాజువాక_క్యూసీ:
అప్‌డేట్. మైనస్ 46 జాబుకి కొత్త నంబర్ పెట్టడానికి ఒప్పించా. పాత కాపీలు మొత్తం పదకొండు ఇచ్చినట్టు రిజిస్టర్‌లో ఉంది, ఇవాళ సాయంత్రానికి పదమూడు వచ్చాయి, ఆ రెండూ ఎక్కడివో దేవుడికే తెలియాలి. స్టోర్‌లో 7018కి, 7018-1కి రాడ్లు పొడిగా ఉంచే ఓవెన్లు వేరే వేరేగా పెట్టించా, మూత మీద పెయింట్‌తో రాయించా.

రాడ్డు_రాంబాబు:
ఓవెన్ కాలు కింద సూసారా సార్? ఎగుడుదిగుడు ఉన్న సోట లామినేషన్ కాగితాలే మడిసి పెడతారు.

గాజువాక_క్యూసీ:
చూశా. ఉంది. రివిజన్ 0.