ఇసబెల్ గౌడీ కుందేలు పాట: నాలుగు పాదాల్లో నాలుగు ఉచ్చులు

ప్రశ్న: స్కాట్లండ్‌లోని ఆల్డర్న్‌లో మంత్రగత్తె అని 1662లో విచారించి, కాల్చి చంపిన ఇసబెల్ గౌడీ, కుందేలు రూపంలోకి పోవడానికి చెప్పిన మంత్రాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఐ సల్ గో ఇన్‌టిల్ ఎ హేర్, విత్ సారో అండ్ సిఖ్ అండ్ మికిల్ కేర్, అండ్ ఐ సల్ గో ఇన్ ద డెవిల్స్ నేమ్, ఐ వైల్ ఐ కమ్ హేమ్ అగేన్.’ చివరి పాదాన్ని ‘ఇంటికి వస్తున్నంతసేపూ’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. స్కాట్స్‌లో, అంటే స్కాట్లండ్ వాళ్ళ భాషలో, ‘వైల్’ అంటే ‘దాకా’. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళందరూ అక్కడే బోల్తాపడతారు. ‘ఇన్‌టిల్’ దానికి తిరగబడ్డది: ఇంగ్లీషు ‘అన్‌టిల్’ (దాకా) లా కనిపిస్తుంది గానీ, ‘లోకి’ అని అర్థం. ‘సిఖ్’ నిట్టూర్పు; ఇంగ్లీషు ‘సచ్’ అనుకుంటే ‘దుఃఖమూ వగైరా’ అని తేలిపోతుంది. ‘కేర్’ జాగ్రత్త కాదు, దిగులు. ‘మికిల్’ అంటే బోలెడంత. మనకు ‘గంపెడు’ ఉండనే ఉంది.

కుందేలులోకి దూరిపోతా,
దుఃఖంతో, నిట్టూర్పుతో, గంపెడు దిగులుతో;
సైతాను పేరిట పోతా,
మళ్ళీ ఇల్లు చేరేదాకా.

మూలంలో మొదటి రెండు పాదాలకే పూర్తి అంత్యప్రాస ఉంది. తర్వాతి జంటలో అచ్చు మాత్రమే కలుస్తుంది. కాబట్టి ‘పోతా... పోతా... దాకా’ చాలు, ఇంకా బిగిస్తే పద్యమవుతుంది, మంత్రం కాదు. దీన్ని మూడుసార్లు అనాలని వాంగ్మూలంలోనే ఉంది.

మరొకరు: తిరిగి మనిషయ్యే మాటలు ఇంకా బాగుంటాయి. వెళ్ళేటప్పుడు సైతాను పేరు, వచ్చేటప్పుడు దేవుడి పేరు! అందులో ‘జస్ట్ నౌ’, ‘ఈవెన్ నౌ’ అని రెండు ఇప్పుళ్ళు వస్తాయి. మొదటిది ప్రస్తుతం, రెండోది ఈ క్షణమే. తెలుగులో ఒక్క ‘ఏ’కారంతో పని తీరిపోతుంది: ‘ఇప్పుడు కుందేలు రూపాన ఉన్నా, ఇప్పుడే ఆడరూపాన ఉంటా.’ ఆల్డర్న్ దారిలో వేటకుక్కలు తరిమితే, ఈ మాటలు అనే వ్యవధి కూడా లేక ఇంట్లోకి దూరానని ఆమె చెప్పింది. కుక్కలు పీకిన గాట్లు మనిషయ్యాక ఒంటిమీద మిగులుతాయట. మన ‘కుందేలు’ పెంపుడుదానికీ చెల్లుతుంది, మంత్రంలోని ‘హేర్’ మాత్రం బొరియ తవ్వని పొలం జంతువు. ‘అడవి కుందేలు’ అని ఒకసారి అంటే చాలు.

ఇంకొకరు: ‘బాణామతి’, ‘చేతబడి’ వాడకండి, ఆ మాటలు వినగానే మన ఊళ్ళు కళ్ళముందుకొస్తాయి. ‘మంత్రగత్తె’ నయం. ‘కాల్చి చంపిన’ కూడా తీసేయండి. ఏప్రిల్ 13 నుంచి మే 27 దాకా నమోదైన నాలుగు వాంగ్మూలాలు దొరికాయి గానీ శిక్ష అమలైనట్టు రికార్డేమీ లేదు. స్కాట్లండ్‌లో మామూలుగా ముందు గొంతు నులిమి, తర్వాత శవాన్ని కాల్చేవారు. ‘విచారించిన’ అని ఆపేస్తే సరి.

ప్రశ్న వేసినవారు: సరిచేశాను. ‘దూరిపోతా’ బదులు ‘మారిపోతా’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. ‘ఇన్‌టిల్’ పోతుంది. ఆమె కుందేలుగా మారతాననలేదు, దాని లోపలికి పోతానంది.