షాతోని కోట అనాలా, గడి అనాలా?

పోస్టు:
సభ్యులందరికీ నమస్కారం. ఫ్రాన్సులోని లువార్ నది లోయ గురించి ఒక యాత్రా వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ద్రాక్ష తోటల మధ్య పల్లెటూళ్లు, ఎటు వెళ్లినా ఒక షాతో, అంటే రాజులో దొరలో కట్టించుకున్న పెద్ద కట్టడం. షినోన్, సొమ్యూర్, షెనోన్సో, అజే-ల-రిదో, అన్నింటికీ 'కోట' అనే రాసుకుంటూ పోయాను. తిరిగి చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది. షెనోన్సో ఫొటో పక్కన కోట అని పెడితే, ఇదేం కోట అని అడుగుతారు. మీరైతే ఏం రాస్తారు?

కామెంట్:
తేడా కొట్టాల్సిందేనండీ. షాతో అనే ఒక్క మాట కింద ఫ్రెంచివాళ్లకి రెండు రకాల కట్టడాలు ఉన్నాయి. ఆ మాట లాటిన్ 'కాస్తెల్లుం' నుంచి వచ్చింది. సైనిక శిబిరాన్ని 'కాస్త్రుం' అంటే, దానిలో చిన్నది కాస్తెల్లుం. ఇంగ్లీషు కాజిల్ కూడా అందులోంచి పుట్టిందే. కాబట్టి పుట్టుకతో షాతో కోటే. తర్వాత ఫిరంగులొచ్చాయి, ఎత్తు గోడల అవసరం తగ్గింది. గోడలకి పెద్ద పెద్ద కిటికీలు పెట్టుకున్నారు, చుట్టూ పూలతోటలు వేసుకున్నారు, పేరు మాత్రం పాతదే ఉంచుకున్నారు. అందుకే యుద్ధానికి కట్టినదాన్ని 'షాతో ఫోర్' అనీ, హాయిగా ఉండటానికి కట్టుకున్నదాన్ని 'షాతో ద ప్లెజాన్స్' అనీ వాళ్లే విడదీసి చెప్పుకుంటారు.

ఆ లోయలోనే ఉన్న తూర్ నగరంలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే ఈ ఊళ్లే తిరిగేవాణ్ని. షినోన్‌కి మీరు కోట అని ధైర్యంగా రాయండి. వియెన్ నది ఒడ్డున గుట్ట పొడవునా గోడలు, బురుజులు, అగడ్తలు ఉంటాయి. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ 1189లో ప్రాణం విడిచింది అక్కడే. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ వచ్చి ఫ్రాన్సు రాజు ఏడో చార్లెస్‌ని కలిసిందీ అక్కడే. మన లెక్కలో అది అచ్చమైన గిరిదుర్గం.

అజే-ల-రిదోకి వెళ్లేసరికి ఆ మాట నప్పదు. అది ఆంద్ర్ నది మధ్య లంకలో ఉంటుంది. నీళ్లున్నాయి కదా అని జలదుర్గం అనేస్తారేమో, అనకండి. అక్కడి నీళ్లు శత్రువుని ఆపడానికి కావు, భవనం నీడ అందంగా పడటానికి. మూలల్లో బురుజుల్లాంటివి కనిపిస్తాయి, అవీ అలంకారానికే. పైగా దాన్ని కట్టించింది రాజు కాదు, రాజుగారి ఖజానా వ్యవహారాలు చూసే జిల్ బెర్తెలో. షెనోన్సో కట్టించిన తొమా బొయియేదీ అదే కొలువు. షేర్ నదిలో పాత పిండిమరకి వేసిన పునాదుల మీద 1513 నుంచి మొదలుపెట్టి కట్టించాడు. నది మీద వంతెన తర్వాత ఫ్రాన్సు రాజు ప్రియురాలు దియాన్ ద పువాతియే వేయించింది. ఆ వంతెన మీద పొడవాటి హాలు కట్టించింది రాణి కాథరిన్ ద మెదిచి. ఇలాంటి ఇంటిని కోట అంటే చదివేవాడు గోల్కొండని ఊహించుకుని వెళ్తాడు.

ఇంకో రెండు మాటలు, వ్యాసంలో ఎలాగూ తగులుతాయి కాబట్టి చెబుతున్నాను. ద్రాక్ష పందిరి అని రాయకండి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పండించినప్పుడు తలపైన పందిరి వేసేవాళ్లు కాబట్టి మనకి ఆ మాట అలవాటు. అక్కడ తీగని నేలకి దగ్గరగా కత్తిరించి, వరసగా కట్టిన ఇనుప తీగలకి పాకిస్తారు. గుత్తులు మోకాలి ఎత్తులో ఉంటాయి, కోసేవాళ్లు రోజంతా వంగే ఉండాలి. సాళ్లు అంటే సరిపోతుంది. వైన్ నిలవచేసే చోటుని నేలమాళిగ అనకండి. ఈ షాతోలు చాలావరకు 'త్యుఫో' అనే తెల్లటి మెత్తని సున్నపురాయితో కట్టినవి. గోరుతో గీస్తే గీత పడుతుంది, చెయ్యి ఆనిస్తే పొడి అంటుతుంది. ఆ రాయిని ఊరి పక్క గుట్టల్లోంచే తవ్వి తీశారు. తవ్విన చోట మిగిలిన గుహల్లోనే పీపాలు పెడతారు, ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉంటుంది. వాటిలోకి మెట్లు దిగక్కర్లేదు, వీధిలోంచి తిన్నగా నడిచి వెళ్లిపోవచ్చు. గుహ అనే రాయండి.

అజే, షెనోన్సోలకి ఏ మాట కుదురుతుందో నాకింకా తేలలేదు. మిగతావాళ్లు చెప్పాలి.

కామెంట్:
మా కోస్తా వైపు జమీందారు ఉండే చోటుని దివాణం అంటాం కదండీ. ఊరు, తోటలు, శిస్తు వసూళ్లు, అన్నీ ఆ మాటలోనే వచ్చేస్తాయి. కావ్యాల్లో రాజమందిరానికి నగరు అనే మాట కూడా ఉంది.

కామెంట్:
నగరు మంచి మాటే గానీ ఇప్పుడు రాస్తే అచ్చుతప్పు అనుకుని నగరం అని దిద్దేస్తారు. దివాణంలో ఇల్లు కంటే కచేరీ ముందు కనిపిస్తుంది. 'దివాణం నుంచి కబురొచ్చింది' అంటాం, 'దివాణం ఎంత అందంగా ఉందో' అనం. మా తెలంగాణలో దొర ఉండే కట్టడం పేరు గడి. ఊరి నడుమ, చుట్టూ ఎత్తు ప్రహరీ, మూలకో బురుజు, పెద్ద దర్వాజ, లోపల భవంతి. చూడటానికి సగం కోట, సగం ఇల్లు. మరాఠీలో చిన్న కోటని గఢీ అంటారు, అదే కుటుంబం. దోమకొండ గడిని చూసినవాళ్లకి మీ అజే-ల-రిదోని వేరే వివరించక్కర్లేదు. నా ఓటు గడికే.

కామెంట్:
ఒక్క అభ్యంతరం. మా తాతలు గడికి వెట్టికి పోయినవాళ్లు. గడి అన్న మాట వింటే మా ఇంట్లో ఇప్పటికీ ముసలివాళ్ల ముఖం మారుతుంది. సెలవులకి వెళ్లి ఫొటోలు దిగే చోటికి ఆ పేరు పెడితే, మేం పడ్డ బాధ దాని కింద కప్పబడిపోతుంది. ఆలోచించండి.

కామెంట్ (తూర్ సంగతి రాసినవాణ్నే):
మీ మాట చదివాక చాలాసేపు ఆలోచించాను. మీరు చెప్పిన కారణమే నన్ను గడి వైపు లాగుతోంది. కోపం తెచ్చుకోకుండా వినండి.

ద్రాక్ష పండే పల్లెల్లో షాతో అంటే ఒట్టి అందమైన మేడ కాదు. ఆ దొరలకి 'బాన్' అనే హక్కు ఉండేది, అంటే ఆజ్ఞ జారీచేసే అధికారం. చాలాచోట్ల ద్రాక్ష కోత ఎప్పుడు మొదలుపెట్టాలో దొరే చాటింపు వేయించేవాడు. అంతకుముందు రైతు తన తోటలో తానే కోసుకోకూడదు. కోసిన పండు దొరగారి గానుగలోనే పిండించాలి, అందుకు వాటా ఇచ్చుకోవాలి. ఏటా కొన్నాళ్లపాటు దొర వైనే అమ్మాలి, రైతు తన సరుకు బయటికి తియ్యకూడదు. దీన్ని 'బాన్వేన్' అనేవాళ్లు. కూలి లేకుండా చేసే పనికి 'కోర్వే' అని పేరు. అచ్చంగా మన వెట్టి. దొర గానుగని 'ప్రెస్వార్ బనాల్' అనేవారు, అంటే బాన్‌కి లోబడిన గానుగ. ఊరందరూ వాడక తప్పనిది కాబట్టి బనాల్ అంటే 'అందరిదీ' అని, ఆ తర్వాత 'మామూలుది, చప్పనిది' అని అర్థం మారుతూ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఇవాళ చప్పటి రాతని బనాల్ అంటున్నారంటే, ఆ మాట ఆ గానుగ దగ్గర్నుంచి నడిచొచ్చిందే.

1789 జులై ఆఖర్లో బుర్గుండీ దక్షిణాన మాకొనే ప్రాంతంలో ద్రాక్ష రైతులు షాతోల మీదికి వెళ్లారు. కొన్నింటిని తగలబెట్టారు. ఆ వేసవిలో దేశంలో చాలాచోట్ల జనం వెతికింది బంగారం కోసం కాదు, తమ బాకీలూ చాకిరీలూ రాసి ఉన్న దస్తావేజుల కోసం. ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ దొరల హక్కుల రద్దుకి పూనుకుంది. 1946 తర్వాత తెలంగాణలో దొరల మీద తిరగబడిన సంఘం వాళ్లు గడుల్లోని కాగితాలు ఎందుకు కాల్చారో మీకు నేను చెప్పక్కర్లేదు.

కోట అంటే రాజులు, యుద్ధాలు గుర్తొస్తాయి. మహలు అంటే వైభవం గుర్తొస్తుంది. గడి అంటేనే చుట్టూ ఉన్న తోటల్లో వంగి పనిచేసిన మనుషులు గుర్తొస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ముఖం మారుతుందన్నారు కదా, షాతో గురించి చదివే తెలుగువాళ్లకి ఆ మాత్రం కలుక్కుమనాలనే నా కోరిక. మీకింకా మనసు ఒప్పకపోతే షాతో అని ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు 'మన గడి లాంటిది' అని ఒక ముక్క కలపవచ్చు.

కామెంట్:
ఆ గానుగ సంగతి, ఆ వెట్టి సంగతి వ్యాసంలో కూడా ఉంటే నాకు అభ్యంతరం లేదు. అవి లేకుండా పేరు మాత్రం వాడుకోవద్దు.

పోస్టు పెట్టినవారు:
తప్పకుండా. మూలంలో ఆ భాగం లేదు, ముందుమాటగా నేనే రాస్తాను, అచ్చుకి ఇచ్చేముందు మీకు చూపిస్తాను. షినోన్, సొమ్యూర్ కోటలు. అజే గడి. షెనోన్సోని కూడా గడే అంటాను, వంతెన మీది హాలుని విడిగా వర్ణిస్తాను. ఒక్క అనుమానం మిగిలింది. వ్యాసం చివర ఫ్రాన్సులోనే ఇంకో వైన్ ప్రాంతం బోర్డో ప్రస్తావన ఉంది, అక్కడ సీసాల మీద షాతో మార్గో వగైరా. అదీ మార్చాలా?

కామెంట్:
వద్దండీ. బోర్డోలో ఆ మాట తోటకి పేరు. 1855లో అక్కడి వైన్లకి తరగతులు కట్టినప్పుడు పేరులో షాతో ఉన్న తోటలు చాలా తక్కువ. తర్వాత తర్వాత అందరూ పెట్టుకున్నారు. మార్గోలో స్తంభాలతో పెద్ద భవనం ఉంది, నిజమే. కొన్నిచోట్ల మాత్రం పెంకుటిల్లూ ఒక షెడ్డూ తప్ప ఇంకేం ఉండదు, అయినా సీసా మీద షాతోనే. ఊరి పేరులా అలాగే ఉంచి, 'షాతో మార్గో తోట' అని రాయండి.